నరం లేని నాలుక, నొప్పి లేని పాదం

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందని మనకొక సామెత ఉన్నది. మాట మీద నిలకడ లేని వారిని ఉద్దేశించి పెద్దలు అన్న మాట అది. లోకజ్ఞానం దృష్ట్యా అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. శరీరశాస్త్రం దృష్ట్యా మాత్రం అది పెద్ద పొరపాటు. నాలుకను కదిలించడానికి ఒక జత నాడులు, దాని ముందు భాగంలో స్పర్శకు ఒక జత, అక్కడే రుచికి వేరొక జత, వెనుక భాగంలో రుచికీ స్పర్శకూ కలిపి ఇంకొక జత ఉన్నాయి. మెదడు నుండి నేరుగా బయలుదేరే పన్నెండు జతల నాడులలో నాలుగు జతలకు ఆ చిన్న కండ సేవలో వాటా ఉన్నది.

అయినా సామెత చెప్పినవారు అబద్ధమాడలేదు. వారి దృష్టిలో నరమంటే కట్టి ఉంచే తాడు. నాలుకను ఎముకకు బిగించే తాడేదీ పైకి కనిపించదు గనుక దానికి అదుపు లేదని వారి భావన. వాడుకలో ఈనాటికీ మనం వేర్వేరు వస్తువులన్నిటికీ నరమనే ఒక్క మాటనే వాడుతున్నాము. మెడ తిప్పలేకపోతే నరం పట్టేసిందంటాము. అక్కడ పట్టేసినది కండరం. పిక్కల మీద నీలంగా మెలికలు తేలితే నరాలు ఉబ్బాయంటాము. అవి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు. చీలమండ వెనుక తాడువలె గట్టిగా తగిలేది స్నాయువు. దాన్నీ నరమనే అంటాము. ఇక అసలు నరం, అనగా మెదడుకూ శరీరానికీ మధ్య వార్తలు మోసేది, సాధారణంగా కంటికి కనిపించదు. మోచేయి దేనికైనా తగిలి చిటికెన వేలు దాకా జివ్వుమన్నప్పుడు మాత్రమే అది ఒకసారి తన ఉనికిని చాటుకుంటుంది. పోనీ, నాడి అందామంటే ఆ మాటను వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసే రక్తనాళపు కొట్టుకోలుకు ఎప్పుడో ఇచ్చివేశాము.

ఆంగ్లం నుండి వైద్య విషయాలను తెలుగు చేసే వృత్తిలో ఉన్న నేను ఈ చిక్కును చాలాకాలం కేవలం మాటల చిక్కుగానే భావించాను. అది మాటలతో పోయేది కాదని ఖరగ్‌పూర్‌లో మా పెదనాన్నగారి పాదం నాకు నేర్పింది.

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగు కుటుంబాలెన్నో అక్కడి వర్క్‌షాపును, లోకోషెడ్డును నమ్ముకొని స్థిరపడ్డాయి. మథురాకాటీ, నింపురా వీధులలో తెలుగు మాట వినపడడం వింత కాదు. పెదనాన్నగారు ఆ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. కాళ్ళలో చీమలు పాకినట్లున్నదనీ, రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతున్నాయనీ ఆయన చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ ఇచ్చిన తీర్పు ఒక్కటే: నరాలు పట్టేశాయి. పట్టేసిన దానికి మనకు తెలిసిన చికిత్స కూడా ఒక్కటే: నూనె రాసి మర్దన, ఆపైన వేడినీళ్ళ కాపడం.

ఒకనాటి సాయంత్రం ఆయన బకెట్టు వేడినీళ్ళలో పాదాలు పెట్టుకొని పత్రిక చదువుకుంటూ కూర్చున్నారు. తుడవడానికి వచ్చిన పెద్దమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి కెవ్వుమన్నది. అప్పటికే పాదాల మీద బొబ్బలు తేలుతున్నాయి. ఆయనకు ఏమీ తెలియలేదు. తరువాత కొన్ని నెలలకు, ఎన్ని మందులు వాడినా మానని పుండు కారణంగా, ఎడమ కాలి చిటికెన వేలును తీసివేయవలసి వచ్చింది.

పట్టేసినదేమీ లేదు. జరిగినది అందుకు విరుద్ధం. వార్త తేవలసిన తీగ మౌనం వహించింది. అది ముందుగా పాదంలోనే ఎందుకు మౌనం వహించిందో తెలియాలంటే ఈ వ్యవస్థ నిర్మాణమేమిటో తెలియాలి.

మాటల అయోమయం మనకొక్కరికే పరిమితం కాదు. ప్రాచీన గ్రీకులు కూడా నరానికి, స్నాయువుకు, వింటినారికి ఒకే మాట వాడారు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని హెరోఫిలస్, ఎరాసిస్ట్రేటస్ అనే వైద్యులు శవాలను కోసి చూసి, వీటిలో కొన్ని తాళ్ళు కావనీ, మెదడుతోను వెన్నుపాముతోను సంబంధమున్న వేరే వస్తువులనీ గుర్తించారు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గాలెన్ రోము నగరంలో పదిమంది ఎదుట ఒక పందిని తెచ్చి, అది గీపెడుతుండగా దాని గొంతుకు పోయే సన్నని నాడులను తెంచి చూపాడు. పంది పెనుగులాడుతూనే ఉన్నది. గొంతు మాత్రం మూగపోయింది. మాట పుట్టేది గుండెలో కాదనీ, ఆజ్ఞ మెదడు నుండి ఈ సన్నని దారాల వెంట దిగి వస్తుందనీ అంతకన్న స్పష్టంగా చెప్పడం కష్టం.

ఇక నిర్మాణం సంగతి. మన నాడీమండలంలో రెండు పెద్ద భాగాలున్నాయి. కపాలంలో ఉండే మెదడు, వెన్నెముక గొట్టంలో ఉండే వెన్నుపాము కలిసి కేంద్ర నాడీవ్యవస్థ. అక్కడి నుండి శరీరమంతటా వ్యాపించే నాడులన్నీ కలిసి పరిధీయ నాడీవ్యవస్థ. మెదడు బరువు సుమారు 1,300 నుండి 1,400 గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో వెలువడిన లెక్క చెబుతున్నది. వెన్నుపాము చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. అది నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. అక్కడి నుండి కాళ్ళకు పోవలసిన నాడులు గుర్రపు తోకవలె గుత్తిగా కిందికి దిగుతాయి.

మెదడు నుండి పన్నెండు జతల కపాలనాడులు బయలుదేరుతాయి. వెన్నుపాము నుండి 31 జతలు బయలుదేరుతాయి: మెడ భాగంలో 8, ఛాతీ భాగంలో 12, నడుము భాగంలో 5, త్రికం వద్ద 5, చిట్టచివర 1. ఖరగ్‌పూర్ జంక్షన్ నుండి హౌరా వైపొక దారి, టాటానగర్ వైపొక దారి, మిడ్నపూర్ మీదుగా ఆద్రా వైపొక దారి, బాలాసోర్ మీదుగా మన ఆంధ్రదేశం వైపొక దారి చీలినట్లు, ఈ జతలలో ప్రతి ఒక్కదానికీ తన ప్రాంతమేదో ముందే నిర్ణయమై ఉన్నది. బొడ్డు చుట్టూ ఉన్న చర్మపు పట్టీ ఛాతీ భాగపు పదవ జతది. చిటికెన వేలు మెడ భాగపు ఎనిమిదవ జతది. కాలి బొటనవేలి వద్దకు వచ్చేది ముఖ్యంగా నడుము భాగపు అయిదవ జత. వైద్యుని మనస్సులో ఈ పటం ఉన్నది గనుకనే, రోగి చర్మం మీద ఎక్కడ మొద్దుబారిందో చెప్పగానే, దోషం వెన్నెముకలో ఏ మెట్టు వద్ద ఉన్నదో ఆయన ఊహించగలుగుతాడు.

రైలుదారిలో రాకకు ఒకటి, పోకకు ఒకటి ఉన్నట్లే నాడులలోనూ రెండు దారులు ఉన్నాయి. వెన్నుపాములోకి వెనుకవైపు నుండి ప్రవేశించే మూలాలు చర్మం, కండరాలు, కీళ్ళ వార్తలను లోపలికి తెస్తాయి. ముందువైపు నుండి వెలువడే మూలాలు ఆజ్ఞలను కండరాలకు కొనిపోతాయి. ఇంగ్లండులో చార్లెస్ బెల్ 1811లోను, ఫ్రాన్సులో ఫ్రాంస్వా మజాండీ 1822లోను చేసిన పరిశోధనల వలన ఈ విభజన తేటతెల్లమైంది. వెన్నుపాము దాటిన పిదప రెండు దారులూ ఒకే కట్టగా కలిసి ప్రయాణం చేస్తాయి. కనుకనే ఒక నాడి తెగితే సాధారణంగా స్పర్శా పోతుంది, చలనమూ పోతుంది.

మెదడు రాజు, నాడులు బంట్లు, శరీరం రాజ్యం అని చిన్నప్పుడు చదువుకున్నాము. ఆ ఉపమానం సగమే నిజం. మన శరీరంలో ప్రతి పనికీ రాజుగారి అనుమతి కోరే ఆచారం లేదు. మేకు మీద కాలు వేసినప్పుడు ఏమి జరుగుతుందో గమనించండి. నొప్పి తెలియకముందే కాలు పైకి లేస్తుంది. పాదం నుండి వార్త వెన్నుపాముకు చేరగానే అక్కడే నిర్ణయం జరిగి, అక్కడి నుండే ఆజ్ఞ వెనుకకు పోతుంది. మెదడుకు కబురు అందేది ఆ తరువాతనే. అంతేకాదు. ఒక కాలు లేస్తే మనిషి పడిపోవాలి కదా. అదే క్షణంలో రెండవ కాలికి బిగుసుకొని బరువు మోయవలసిందని వెన్నుపామే ఉత్తర్వు ఇస్తుంది. ఇటువంటి వాటిని ప్రతీకార చర్యలంటారు. మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టితే కాలు ఎగరడం వీటిలో మిక్కిలి సరళమైనది. జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు వైద్యులు 1875లో వేర్వేరుగా దానిని వర్ణించారు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. ఖరగ్‌పూర్ వంటి పెద్ద జంక్షనులో ఒక రైలుకు దారి ఇచ్చినప్పుడు, ఆ దారికి అడ్డువచ్చే మరే దారికీ సిగ్నలు ఇవ్వడానికి వీలులేకుండా యంత్రాంగమే తాళం వేస్తుంది. దీనినే ఇంటర్‌లాకింగ్ అంటారు. 2017లో అక్కడ పాత రిలే పద్ధతి స్థానంలో, సుమారు 800 మార్గాలను అదుపు చేయగల ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చింది. పచ్చదీపం వెలిగించడం కన్నా, వెలగకూడని చోట వెలగకుండా చూడడమే ఆ యంత్రం చేసే గొప్ప పని. మన వెన్నుపాము చేసే పని కూడా అదే. మోచేతిని మడిచే కండరానికి ఆజ్ఞ పోతున్నప్పుడు, దానిని చాచే కండరానికి పోయే ఆజ్ఞ ఆగిపోతుంది. లేకపోతే రెండూ ఒకదానినొకటి లాగి చెయ్యి కొయ్యబారుతుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ ఈ విషయాన్ని ఎన్నో ఏళ్ళు పరిశీలించాడు. 1932లో నోబెల్ బహుమతి పొందాడు.

ఈ తాళం ఊడితే ఏమవుతుందో మన భాష ఏనాడో చిత్రించి పెట్టింది. ధనుర్వాతం అనే మాటలోనే విల్లు ఉన్నది. ఆ వ్యాధి విషం వెన్నుపాములోని ఆపుదల సంకేతాలను అణచివేస్తుంది. ఎదురెదురు కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకొని, వెన్ను విల్లువలె వంగిపోతుంది. నాడీమండలంలో మౌనం కూడా ఒక ఆజ్ఞేనని గ్రహించడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

వెన్నుపాముకు అప్పగించిన పనులు పోగా, మనకు తెలియకుండానే నడిచిపోయే పనులు అనేకం. గుండె వేగం, రక్తపు పోటు, చెమట, జీర్ణం, కంటిపాప వెడల్పు మొదలైనవన్నీ స్వయంచోదిత నాడీవ్యవస్థ అధీనంలో ఉన్నాయి. అందులో రెండు పక్షాలు. ఆపద ఎదురైనప్పుడు గుండెను పరుగెత్తించి, కండరాలకు రక్తం మళ్ళించేది సహానుభూత వ్యవస్థ. ఆపద గడిచాక గుండెను నెమ్మదింపజేసి, అన్నం అరిగించేది పరసహానుభూత వ్యవస్థ. ఈ రెండవదానిలో ముఖ్యమైనది పదవ కపాలనాడి. దానికి లాటిన్ భాషలో పెట్టిన పేరుకు సంచారి అని అర్థం. మెదడు అడుగు నుండి బయలుదేరి మెడ, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ చూసుకుంటూ పోతుంది. ఇవికాక పేగుల గోడలలోనే పది కోట్లకు పైగా నాడీకణాల జాలం ఒకటున్నది. మెదడుతో సంబంధం తెగినా పేగును కదిలించుకోగల శక్తి దానికి ఉన్నది.

వార్తలు ఎంత వేగంగా పోతాయి? నాడీ వేగాన్ని కొలవడం మానవునికి అసాధ్యమని పందొమ్మిదవ శతాబ్దపు పెద్దలు కొందరు తలచారు. 1850లో హెల్మ్‌హోల్ట్‌జ్ కప్ప కాలి నాడి మీద ప్రయోగం చేసి, అది సెకనుకు సుమారు 30 మీటర్లేనని తేల్చాడు. గంటకు 108 కిలోమీటర్లు, అంటే ఒక ఎక్స్‌ప్రెస్ రైలు వేగం. మానవ శరీరంలో అన్ని నాడీతంతువులదీ ఒకే వేగం కాదు. కొవ్వు పదార్థంతో కూడిన మయలిన్ తొడుగు దట్టంగా ఉన్న లావుపాటి తంతువులలో వార్త సెకనుకు 100 మీటర్లకు మించి కూడా పోగలదు. తొడుగు లేని సన్నని తంతువులలో అది ఒక మీటరు చొప్పున, మనిషి నడకకన్న మెల్లగా సాగుతుంది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించేదాకా ప్రపంచంలో అతి పొడవైనదిగా దానికి ఖ్యాతి ఉండేది. ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుండి ఆ చివరకు ఒక నాడిని పరిచామనుకుందాము. వేగవంతమైన తంతువు మీద వార్త పదకొండు సెకన్లలోపే చేరుతుంది. మందగతి తంతువు మీద అదే ప్రయాణానికి దాదాపు పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. గడపకు కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడు, ముందు తగిలిన సంగతి తెలిసి, ఇక నొప్పి వస్తుందని మనం పళ్ళు బిగించుకొనే వ్యవధి ఒకటి ఉంటుంది చూడండి. ఆ వ్యవధి ఈ తేడా వలన వచ్చినదే. స్పర్శ మెయిలు బండిలో వస్తుంది; మంట గూడ్సు బండిలో వస్తుంది.

ఇప్పుడు పెదనాన్నగారి పాదం వద్దకు వద్దాము. నడుము నుండి కాలి వేలికి పోయే నాడిలో మధ్య మజిలీలు ఉండవు. వెన్నెముక పక్కన ఉండే ఒక్కొక్క కణం నుండి బయలుదేరిన ఒక్కొక్క తంతువే, ఎక్కడా అతుకు లేకుండా, సుమారు మీటరు దూరం పోయి బొటనవేలిని చేరుతుంది. కణం గర్భం ఒక మిల్లీమీటరులో పదవ వంతు వెడల్పైనా ఉండదు. ఇంత పొడవైన తంతువుకు కావలసిన సరుకంతా తయారయ్యేది ముఖ్యంగా ఆ చిన్న గర్భంలోనే. అక్కడి నుండి సరుకు తంతువు లోపలి సన్నని పట్టాల మీద ప్రయాణం చేయాలి. వేగంగా పోయే సరుకు రోజుకు సుమారు 400 మిల్లీమీటర్లు, నిదానంగా పోయేది రోజుకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. వేగంగా పోయే పొట్లం పాదం చేరడానికి రెండు మూడు రోజులు, నిదానంగా పోయేదానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది పడుతుంది.

ఈ రవాణాకూ, తంతువును నిరంతరం విద్యుత్తుతో సిద్ధంగా ఉంచడానికీ ఇంధనం కావాలి. ఆ ఇంధనం పేరు ఏటీపీ. దానిని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాల నుండి వేరుచేసి చూపిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా దానిని కనుగొన్నాడు. శరీరపు బరువులో రెండు శాతమైనా మించని మెదడు, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఐదవ వంతు వాడుకుంటుందంటే నాడీకణాల ఆకలి ఎంతటిదో ఊహించవచ్చును.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అధికంగా ఉన్నప్పుడు తంతువులూ దెబ్బతింటాయి, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. సరఫరా కుంటుపడితే ముందు బాధపడే స్టేషను ఏది? జంక్షనుకు అతి దూరంగా ఉన్నది. శరీరంలో అతి పొడవైన నాడులు కాలి వేళ్ళకు పోయేవి. అందుచేత తిమ్మిరి రెండు పాదాలలోనూ సమంగా మొదలై, మేజోళ్ళు పైకి లాగినట్లు మెల్లగా ఎగబాకుతుంది. అది మోకాలి దగ్గరకు వచ్చే వేళకు చేతివేళ్ళ కొనలలోనూ మొదలవుతుంది. కారణం వింతగా తోచినా తేలికైనది: ఆ రెండు చోట్లకు పోయే నాడుల పొడవు ఇంచుమించు సమానం.

కనుక తిమ్మిరి ఎక్కడ ఉన్నదన్నది ఒక భాష. ఒక్క కాలి వెనుక భాగంలో నడుము నుండి పాదం దాకా పట్టీవలె పోటు వస్తే, వెన్నెముక వద్ద ఒక మూలం నొక్కుకుపోయి ఉండవచ్చును. రెండు పాదాలలో మేజోళ్ళవలె వస్తే, అది సరఫరా లోపం. మధుమేహం కావచ్చును, విటమిన్ బీ-12 లోపం కావచ్చును, అతిగా మద్యం సేవించడమూ కావచ్చును. హఠాత్తుగా శరీరంలో ఒక పక్క చెయ్యీ కాలూ, మూతి, మాట పడిపోతే దోషం మెదడులో, చాలా వరకు ఎదుటి పక్కన ఉన్నట్లు. దారులు మెదడు అడుగున ఒకదానినొకటి దాటి పోతాయి గనుక. అటువంటప్పుడు గడియారం చూసుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఏర్పడి అక్కడ స్పర్శ పోతే కుష్ఠు ఏమోనని చూపించుకోవాలి. తొలిదశలో మందులతో అది పూర్తిగా నయమవుతుంది. ఈ నాలుగు సందర్భాలనూ మనం నరాల బలహీనత అనే ఒకే మాటతో కట్టివేస్తున్నాము.

వైద్యుని వద్ద పెదనాన్నగారికి జరిగిన పరీక్షలకు పెద్ద యంత్రాలేవీ వాడలేదు. పది గ్రాముల బరువు పడగానే వంగే నైలాను దారంతో అరికాలిని తాకి, తెలుస్తున్నదా అని అడిగారు. సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముకకు ఆనించి, కంపం ఎప్పుడు ఆగిందో చెప్పమన్నారు. చివరకు రబ్బరు సుత్తితో చీలమండ వెనుక తట్టి చూశారు. పాదం కదలలేదు.

పెదనాన్నగారు ఇంటికి వచ్చాక నాతో అన్నారు: "బండి చక్రాన్ని సుత్తితో కొడితే ఖంగుమనాలి. బొంగురు మోత వస్తే పగులున్నట్టు. జీవితమంతా చేసిన పరీక్షే ఇవాళ నాకూ చేశారు. చక్రం పలకలేదు."

నొప్పి లేకపోవడం వరమనుకుంటాము. అది ఎంతటి శాపమో చూపినవారిలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ముఖ్యుడు. కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతట అవి కుళ్ళి రాలిపోతాయని అంతకు ముందు లోకం నమ్మేది. చాలావరకు అది నిజం కాదనీ, స్పర్శ పోయిన చేతులతో వేడిపాత్రలు పట్టుకోవడం, పుండుపడిన పాదంతోనే నడవడం వంటి రోజువారీ గాయాలే ఆ వేళ్ళను హరిస్తున్నాయనీ ఆయన పరిశీలించి చెప్పాడు. నొప్పి శత్రువు కాదు, కావలివాడు. మధుమేహ రోగులలో అదే కావలివాడు గుండె వద్ద కూడా నిద్రపోవచ్చును. అందువలన ఛాతీనొప్పి ఏమీ లేకుండానే, ఆయాసంతోనో చెమటతోనో గుండెపోటు రావడం కద్దు.

తెగిన పరిధీయ నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు. మధుమేహం వలన మూగపోయిన నాడికి అంత తేలికగా మాట రాదు. చక్కెరను అదుపులో ఉంచితే ఉన్నది నిలుస్తుంది. పోయిన కావలివాని స్థానంలో కళ్ళను నియమించుకోవడమే మన చేతిలో ఉన్న పని. ప్రతి రాత్రి అద్దం పట్టుకొని అరికాళ్ళు చూసుకోవాలి. వట్టికాళ్ళతో నడవకూడదు. చెప్పు తొడిగే ముందు లోపల రాయి ఉన్నదేమో చెయ్యి పెట్టి చూడాలి. నీళ్ళ వేడిని పాదంతో కాక, స్పర్శ బాగా ఉన్న మరొకరి మోచేతితో పరీక్షించాలి. ఏడాదికి ఒకసారైనా వైద్యుని చేత ఆ నైలాను దారం పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోని ఆ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒక ఆచారం ఏర్పడింది. పెదనాన్నగారు దీపం కింద స్టూలు మీద పాదాలు చాపుకుంటారు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకొని తొమ్మిది వేళ్ళ సందులు ఒక్కొక్కటే చూస్తుంది. ఆయన పక్కనే వర్క్‌షాపు కబుర్లు చెబుతూ ఉంటారు. చూడడం ముగిశాక ఆమె తల ఊపి, "లైను క్లియర్" అంటుంది. అప్పుడు గాని ఆయన పడుకోవడానికి లేవరు.